పూత ఊడని చక్రాలు

మాది పాలమూరులో నేత ఇల్లు. అత్తామామలది మగ్గం, మా ఆయనది కిరాయి కారు నడిపే పని. కారు సేటుది, తిరుగుడు ఆయనది, ఎదురుచూపు నాది. ఆలంపూర్‌కు భక్తుల్ని తీసుకుపోయాడంటే ఇక ఎప్పుడొస్తాడో ఏమో. పెళ్ళయిన కొత్తలో ఆయన వీపు చూసినంతగా నేను ముఖం చూడలేదు.

ఆ కారు ఇనుప చక్రాలకు తుప్పు పడితే మాత్రం నా పంట పండేది. సేటు పిసినారి, రంగు ఇంట్లోనే వేసుకొమ్మనేవాడు. మా ఆయన వాకిట్లో కారును రాళ్ళ మీద నిలబెట్టి, చక్రాలు విప్పి, టైర్లు తీసి, గరుకు కాగితంతో తుప్పు గీకేవాడు. ముందు ఎర్రపూత, అది ఎండాక నల్లరంగు. పూత ఎండేదాకా కారు కదలదు, ఆయనా కదలడు. నేను పక్కన కూర్చుని గుడ్డపేలికలు అందిస్తూ పనికిమాలిన కబుర్లన్నీ చెప్పేదాన్ని. రంగులో కలిపే టర్పెంటు వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా ఆయన కావాలనిపిస్తుంది.

ఒకసారి గీకిపెట్టిన చక్రాలకు మా అత్త నూనెలో పసుపు కలిపి చుట్టూ రాసింది. ఆయన పైపైన తుడిచి రంగు వేసేశాడు. నెల తిరక్కముందే పెచ్చులు పెచ్చులుగా ఊడింది.

"గిదేం పనే అమ్మా? నూనె మీద రంగు నిలుస్తదా?"

"కొత్త పడుగు ఎక్కించేముందు మగ్గానికి రాస్తలేమా కొడుకా? పని మొదలువెట్టంగ పసుపు లేకుంటె ఎట్ల?" అంది అత్త.

మళ్ళీ మొదటినుంచి. ఆయన విసుక్కుంటూ గీకుతుంటే నాకు పండగ. అత్త కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

ఈసారి ఆయన పంతానికి పోయాడు. చక్రాల్ని జిడ్డు పోయేలా కిరసనాయిలుతో తుడిచి, సబ్బునీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, అత్తను దగ్గరికి రానీయకుండా పలచగా పూత మీద పూత వేశాడు.

"ఇగ ఏండ్లకేండ్లు ఊడదు. ఫికరే లేదు" అన్నాడు. నా గుండెలో రాయి పడింది.

వానాకాలం వచ్చింది. అచ్చంపేట బురదలో తిరిగొచ్చిన ప్రతిసారీ నేనే చెంబుతో నీళ్ళు పోసి చక్రాలు కడిగేదాన్ని. ఎక్కడైనా చిన్న పెచ్చు లేచిందేమోనని వేలితో తడిమేదాన్ని. తన పనితనం చూసి నేను మురిసిపోతున్నాననుకునేవాడు ఆయన.

"ఏం చూస్తున్నవే? గట్టిగున్నదా?"

"గట్టిగనే ఉన్నది."

సంతోషంగా నవ్వి, ఇంత అన్నం తిని, మళ్ళీ కారెక్కేవాడు.