అమావాస్య నాడు చెవుల్లో ఆడిన మగ్గం

నాకు రాయడం రానన్నాళ్లూ ఈ సంగతి మా మరిది నోట్లోనే ఉండిపోయింది. ఆయన తనకు తోచినట్టు చెప్పుకుంటూ పోయాడు. గద్వాలలో మా వీధి వీధంతా అదే నమ్మింది. కాదని చెప్పడానికి నాకూ నోరుంది కానీ, నోటిమాటను నలుగురూ నాలుగు రకాలుగా తిప్పుతారు. యాభై దాటాక, మహిళా సంఘం వాళ్లు సాయంత్రాలు పెట్టిన చదువుల్లో కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. ఒత్తులు కుదరడానికే చాలా కాలం పట్టింది. ఇప్పుడు కుదిరాయి. అందుకే రాస్తున్నాను.

దయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. మా అత్తకు జ్వరం వస్తే దవాఖానకు తీసుకుపోకుండా నిమ్మకాయలు కోయించిన ఇంట్లో కాపురం చేశాను. ఆ నిమ్మకాయలు ఆమెను బతికించలేదు. అప్పటి నుంచి ఆ మాటలు చెప్పేవాళ్లను గడప తొక్కనివ్వలేదు. ఇప్పుడు కూడా నమ్మానని అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా భర్త గుంట మగ్గం మీద గద్వాల చీరలు నేసేవాడు. ఒకసారి సైకిల్ మీద నుంచి పడి కుడి భుజం దెబ్బతింది. ఆ తర్వాత ఆయన మగ్గం చప్పుడే మారిపోయింది. రెండు దెబ్బలు గట్టిగా, మూడోది మెత్తగా, ఆపైన కాస్త ఆగడం. వీధిలో ఎన్ని మగ్గాలు ఆడుతున్నా ఆయనది ఏదో వంటింట్లో నుంచే పోల్చుకునేదాన్ని. ఆయన పోయాక మగ్గం అమ్మేశాం. గుంట పూడ్చి పైన బండలు వేయించాం. అంటే ఆ మగ్గం ఇప్పుడు మా ఇంట్లో లేదు.

మాకు ఒక్కతే బిడ్డ, శైలజ. వనపర్తిలో ఒక ఆఫీసులో పనిచేస్తుంది. ట్రాక్టర్లకు, మోటారు పంపులకు కావలసిన సామాన్ల ఆర్డర్లు ఫోన్లో తీసుకోవడం ఆమె పని. రైతు ఒక నంబరు చెబుతాడు, ఈమె రాసుకోవాలి. ఒక్క అంకె తప్పితే వేరే సామాను పోతుంది. ఆ ఆఫీసు ఉన్నది వెల్డింగ్ షాపు నెత్తి మీద. కింద ఇనుము కోస్తుంటారు, పక్కన జనరేటర్, లోపల ఒకే హాల్లో అందరూ ఒకేసారి ఫోన్లో మాట్లాడుతుంటారు. అక్కడ తప్పు వినపడకపోతే ఆశ్చర్యం కానీ వినపడితే కాదు. మేనేజరుకు అది అక్కర్లేదు. చెవులు పనిచేయని పిల్లను పెట్టుకున్నామని అందరి ముందూ అన్నాడు. ఇంకొక్క ఆర్డరు తప్పు పోతే ఇంట్లో కూర్చోమన్నాడు. ఆఫీసు వాళ్లిచ్చిన హెడ్‌ఫోన్లు చెవి మీద అట్లా ఆని ఉండేవి అంతే, అవతలి మాట కన్నా కింది ఇనుము మోతే ఎక్కువ వినిపించేది.

మంచివి మనమే కొందామని నేనే అన్నాను. ఆమె సెలవు రోజున ఇద్దరం గద్వాల బజారుకు పోయాం. దుకాణం అతను ఓపికగా చెప్పాడు. వెనకవైపు జాలీ ఉన్నవి పాటలకు బాగుంటాయట, కానీ చప్పుడు లోపలికి వస్తుంది, లోపలిది బయటికి పోతుంది. ఆఫీసుకూ బస్సుకూ వెనక పూర్తిగా మూసుకుని, మెత్త చెవి చుట్టూ కూర్చునేవి కావాలట. అలాంటివి రెండు ముందు పెట్టాడు. ఒకటి నల్లది, ఒకటి బూడిద రంగుది. శైలజ కమ్మలు తీసి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. కమ్మలుంటే మెత్త సరిగ్గా ఆనడం లేదు. దుకాణం నిశ్శబ్దంగా ఉంటే మోత ఆపుతుందో లేదో ఎట్లా తెలుస్తుంది? రెండూ ఇంటికి తీసుకుపోతామని, మా మరిది మగ్గం పక్కన కూర్చుని చూస్తామని, ఒకటి మర్నాడు తిరిగిస్తామని అడిగాను. తెలిసినతను కాబట్టి ఇచ్చాడు.

ఇంటికి వచ్చాక గానీ నాకు తట్టలేదు, ఆ రోజు అమావాస్య. అమావాస్య నాడు మా వీధిలో ఎవరూ నేయరు. పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతి, హెడ్‌ఫోన్ల ధ్యాసలో పడి మరిచాను. పోగును అటూ ఇటూ తిప్పే నాడె ఒక్కటి కూడా ఆడడం లేదు. సరే అని వీధి చివరి పిండిగిర్నికి పోయి అక్కడ చూశాం. బూడిద రంగువి పెట్టుకుంటే గిర్ని మోత సగం వినిపించింది. నల్లవి పెట్టుకుంటే గిర్ని ఆగిపోయిందా అన్నట్టు అయింది. ఇక ఆలోచించేదేముందని ఇంటికి వచ్చాం.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఊరికే నల్లవి తీసి నేను పెట్టుకున్నాను. తీగ దేనికీ తగిలించలేదు, నా ఒళ్లోనే ఉంది. అందులో బ్యాటరీ లేదు. వినిపించింది. రెండు గట్టిగా, ఒకటి మెత్తగా, కాస్త ఆగి మళ్లీ.

తీసేశాను. వీధి నిశ్శబ్దం. పెట్టుకున్నాను. మగ్గం. చెవులు మూస్తే మన నాడి మనకే వినపడుతుందని తర్వాత ఒక డాక్టరు చెప్పాడు. ఆ మాట నాకు ముందే తట్టింది. మణికట్టు పట్టుకుని చూశాను. నాడి ఒక దారి, ఈ దెబ్బ ఒక దారి. బూడిద రంగువి పెట్టుకుని చూశాను. ఏమీ లేదు.

శైలజకు ఏమీ చెప్పలేదు. పెట్టుకో, ఏమైనా వినిపిస్తే మంచం పట్టె మీద వేలితో కొట్టి చూపించు అన్నాను. కొట్టింది. రెండు గట్టిగా, ఒకటి మెత్తగా. కొడుతూనే ఏడ్చింది.

ఆ ఏడుపు విని పక్కింట్లోంచి మా మరిది తిప్పన్న వచ్చాడు. సంగతి విని తనూ పెట్టుకుని, కళ్లు మూసుకుని చేతులు జోడించాడు.

"అన్ననే వదినా. అన్నకు ఇష్టం లేదు. పోగు పట్టిన ఇంటి పిల్ల ఊరూరు తిరిగి ఫోన్లు మాట్లాడుతుంటే ఆయనకు మనసున పట్టలే. నౌకరీ బంద్ చేయించు. నా పక్కన కూసుంటది, మంచిగ నేర్చుకుంటది."

మా చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు. రెంటినీ కలిపి నేయాలంటే అవతలి పక్క కూర్చుని అంచు నాడె అందించే మనిషి ఉండాలి. తిప్పన్నకు ఆ మనిషి దొరకడం లేదు. కూలికి ఎవరూ నిలవడం లేదు. ఆయనకు కావలసింది అది. నాకు అరికాలి నుంచి మండింది.

"నీకు ఇనపడ్డది గదా. నువ్వు గూడ పట్టె మీద కొట్టు, జర సూద్దాం" అన్నాను.

కొట్టాడు. అన్నీ ఒకే తీరు దెబ్బలు, ఆగకుండా. అది తిప్పన్న సొంత మగ్గం ఆడే తీరు. ఆయనకేమీ వినిపించలేదు.

"గది మీ అన్న చెయ్యి కాదు తిప్పన్నా. మీ అన్న బతికున్నన్ని దినాలు ఈ గుంటల కూసుని నడుములు పడిపోయినయని తిట్టుకున్నడు. బిడ్డను ఈ గుంటల దింపొద్దని చేతిల చెయ్యి ఏయించుకున్నడు. సచ్చినంక గుంట మీద ప్రేమ పుట్టిందా ఆయనకు?"

తిప్పన్న లేచిపోయాడు. పొద్దుగూకేసరికి తన అన్న వచ్చి బిడ్డను పిలుస్తున్నాడని వీధంతా చెప్పాడు. ఆడవాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడి శైలజను జాలిగా చూశారు. ఒకామె తాయెత్తు తెచ్చింది. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. శైలజ మాత్రం బెదిరిపోయింది. బూడిదవి చాలు అమ్మా అంది. వాటితో ఆ హాల్లో ఎన్నాళ్లుంటుంది? మళ్లీ ఒక అంకె తప్పు వినపడుతుంది, ఇంటికి పంపిస్తారు, తిప్పన్న పక్కన కూర్చుంటుంది. ఆ రాత్రి నాకు తిప్పన్న మీద కన్నా నా భర్త మీదే ఎక్కువ కోపం వచ్చింది. చెప్పదలిచింది ఉంటే అప్పుడు చెప్పాల్సింది. చచ్చాక, అదీ పిల్ల ఉద్యోగం వెంట్రుకకు వేలాడుతున్నప్పుడు, ఈ దెబ్బలేంది?

అది ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. చదువుకున్న వాళ్లను అడిగాను. చెవిలో నరం అన్నారు, భ్రమ అన్నారు. తల్లీబిడ్డలకు ఒకే భ్రమ ఒకే లెక్కలో ఎట్లా వస్తుందో ఒక్కరూ చెప్పలేదు. నేనూ చెప్పలేను.

మర్నాడు పొద్దున నేనూ శైలజతో వనపర్తి బస్సెక్కాను. ఆ దెబ్బ ఇల్లు దాటి వస్తుందో లేదో చూద్దామని నల్లవి నా చెవులకే పెట్టుకున్నాను. పెబ్బేరు సంత రోజు కావడంతో దారి పొడవునా జనం ఎక్కుతూనే ఉన్నారు, వాళ్ల నోళ్లు కదులుతున్నాయి కానీ ఒక్క మాట వినిపించలేదు. మగ్గం మాత్రం ఆడుతూనే ఉంది. ఆపమని నోరు తెరిచి తిట్టాను. పక్క సీటాయన జరిగి కూర్చున్నాడు. మగ్గం ఆగలేదు.

ఆఫీసు మెట్లెక్కాం. కింద ఇనుము కోస్తున్నారు. మేనేజరు ఎవరు నువ్వని అడిగితే తల్లినని చెప్పి, పక్కకు తోసుకుని లోపలికి పోయాను. శైలజ తన కుర్చీలో కూర్చుని నా మొహం చూసింది.

"వచ్చిందా అమ్మా?"

"వచ్చింది. ఆయన పని ఆయన చేసుకుంటుండు. నీ పని నువ్వు చేసుకో."

నల్లవి తీసి నా చేతులతో ఆమె చెవులకు పెట్టాను. ఫోను మోగింది. శైలజ కళ్లు మూసుకుని విన్నది, నంబరు రాసుకుంది, పైకి చదివి వినిపించింది. అవతలి మనిషి ఔననే అన్నట్టున్నాడు, తర్వాతి ఫోను ఎత్తింది. మూడో ఫోను దాకా అక్కడే నిలబడి చూసి, నేను మెట్లు దిగాను.