హనుమంతుడి పటం ముందు డంబెల్

పటాన్‌చెరు ఫ్యాక్టరీలో పగలంతా కూర్చుని మాత్రల డబ్బాలకు లేబుళ్ళు అంటించే పని నాది. ఒళ్ళు కాస్త బిగువుగా, తీరుగా కావాలని, ఆడవాళ్ళకు వేరే టైము ఉందన్న బోర్డు చూసి, ఈ రోజు పొద్దున బీరంగూడలో ఒక జిమ్‌లో చేరాను.

అన్నిటికన్నా చిన్న డంబెల్ మీద చెయ్యి వేశానో లేదో, కోచ్ పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, అవి ముట్టకుండ్రి! గోడకు హనుమాన్ పటమున్నది. స్వామి బ్రహ్మచారి. ఆయన ముంగట ఆడోళ్లు బరువులెత్తద్దు. మీరు సైకిల్ తొక్కుండ్రి, సాలు."

ఆ పక్కనే, ఊడ్చడానికి వచ్చిన యాదమ్మ, మగవాళ్ళు ఎక్కడివక్కడ వదిలేసిపోయిన ఇనుప బిళ్ళలను ఎత్తి, సరిగ్గా ఆ పటం కిందే పేరుస్తోంది. ఒక్కో బిళ్ళ నా డంబెల్‌కు నాలుగింతలుంటుంది.

"మరి యాదమ్మ ఎత్తుతలేదా?" అని నిలదీశాను.

"ఆమె ఊడ్సెటందుకు ఎత్తుతున్నది. గది వేరే ముచ్చట అక్కా!"

ఒళ్ళు మండిపోయింది. స్వామిని నేనేమీ అనను, పాపం ఆయన నోరే విప్పలేదు. రేపు చీపురు పట్టుకునే వెళ్తాను. ముందు ఊడుస్తాను, తర్వాత నా ఇష్టమొచ్చినంత బరువెత్తుతాను. నాతో ఎవరొస్తారు? ఎవరి చీపురు వాళ్ళే తెచ్చుకోండి.