చిన్నమ్మ తోమిన కలికుండ

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలకంటే భద్రంగా చూసుకున్నది కలికుండని. మైపాడుకు ఇవతల, సముద్రపు గాలి తగిలే ఊరు మాది. అన్నం వార్చిన గంజిని రోజూ ఆ మట్టికుండలో పోసేవాళ్ళు. తెల్లారేసరికి అది పులిసి కలి అయ్యేది. ఎండలో పనిచేసి వచ్చిన మా నాయనకీ, చిన్నాయనకీ ఆ పుల్లటి నీళ్ళలో ఉప్పుగల్లు వేసి ఇస్తే ప్రాణం లేచొచ్చేది. అయితే కుండ ఎప్పుడూ ఖాళీ కాకూడదు. అడుగున మిగిలిన కాస్త పులుపే మరునాటి గంజికి తోడు. పాలకు మజ్జిగచుక్క ఎలాగో ఇదీ అంతే. అందుకే ఆ కుండ లోపల ఎవరూ చెయ్యి పెట్టి తోమరు. మా అవ్వ, అంటే మా నాయనను కన్నతల్లి, తన అత్త చేతినుంచి అందుకున్న కుండ అది.

ఆ ఏడు వానల్లేవు. రేషన్లో బియ్యం బదులు గోధుమలు పోశారు. వాటినేం చేసుకోవాలో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా చిన్నాయన గూడూరు దిక్కున పెళ్ళి చేసుకుని చిన్నమ్మను తెచ్చాడు. తల్లి లేని పిల్ల. వాళ్ళింట్లో పాడి ఉండేది, దాహమైతే మజ్జిగే తాగేవాళ్ళు. కలికుండ సంగతి ఆమె ఎరగదు. కాపురానికి వచ్చిన కొత్తలో, అత్తగారు మెచ్చుకోవాలని సామాన్లన్నీ తోముతూ ఆ కుండను కూడా వంచేసి, బూడిదా కొబ్బరిపీచూ వేసి లోపలా బయటా తోమి, గోడమీద ఎండకు బోర్లించింది.

ముందు చూసింది మా మేనత్త. ఆమెది పెద్ద గొంతు.

"అమ్మా, ఇట్రా! నీ కోడలి శుభ్రం చూద్దువుగాని! ఏం పిల్లా, మీ ఊర్లో పెరుగుతోడుక్కూడా బూడిదేసి తోముతారా?"

చేసిందేమిటో చిన్నమ్మకు అప్పుడర్థమైంది. మేనత్త అంతటితో ఆగలేదు. "తల్లి లేని పిల్లని తెస్తే ఇట్టనే ఉంటది. తోలెయ్యండి పుట్టింటికి, పని నేర్చుకోని వస్తది" అంది. ఆ కాలంలో అట్లా వెళ్ళిన పిల్ల మళ్ళీ ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. చిన్నమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

అవ్వ వచ్చి కుండను దించింది. లోపల ముక్కు పెట్టి వాసన చూసింది. కాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక మామూలుగా, "నేనే తోమమన్నా" అంది. "గోధుమ గంజి పొయ్యాలంటే బియ్యప్పులుపు ఎందుకే?"

"గోధుమలతో కలి పెడతారా? ఎప్పుడన్నా పెట్టినావా నువ్వు?"

"లేదు. అందుకే కదా నేర్చుకోవాల్సింది. రా అమ్మే, ఇద్దరం నేర్చుకుందాం" అని చిన్నమ్మను పిలిచింది.

మాటన్నాక నిలబెట్టుకోవాలి కదా. పక్కింటినుంచి తోడు తెస్తానని తాతయ్య లేచినా అవ్వ వద్దంది. గోధుమలు తిరగట్లో పగలేసి, పలచగా కాచి, చల్లారాక కుండలో పోశారు. తోడు లేనిది తొందరగా పులుస్తుందా? మొదట తడిసిన గడ్డి వాసన వచ్చింది. అవ్వ పైన మూకుడు మూసి, బరువుకు సన్నికల్లు పొత్రం పెట్టింది. ఒకరోజు మధ్యాహ్నం వంటింట్లో దబ్బున చప్పుడైంది. పరిగెత్తి చూస్తే నురగ పొంగి మూకుణ్ణి పక్కకు తోసేసింది. పొత్రం దొర్లి పొయ్యిలో పడింది, నేలంతా గంజి. కల్లు తాగితే పట్టుకుపోయే రోజులవి. "మెల్లగా అరవండే! ఈ వాసనకి పోలీసోళ్ళొస్తే తీసకపోయేది నన్నే!" అన్నాడు తాతయ్య.

అవ్వ నేల తుడుస్తూ, "గోధుమకి ఇంత పొగరుంటదని నాకేం తెలుసు! బరువు పెట్టకూడదేమో అమ్మే, ఈసారి గుడ్డ కడదాం" అంది.

చిన్నమ్మ మా ఇంట్లో నవ్వడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. నవ్వుతూనే లోపలికెళ్ళి తన పెట్టెలోంచి చిన్న మూట తెచ్చింది. వాళ్ళ తోటలో కాసిన నిమ్మకాయల తొక్కలు, ఎండబెట్టినవి. "ధనియాలతో కచ్చాపచ్చాగా దంచి వేస్తే ఆ వాసన తగ్గుద్దేమో అత్తా" అంది భయంభయంగా. "వెయ్యి మరి. తెలిసినదానివి నువ్వే" అంది అవ్వ.

ఈసారి కుదిరింది. పైన తేరినది మబ్బుగా, తెల్లగా ఉండి, నాలుక మీద చురుక్కుమని, వెనకే నిమ్మా ధనియాల వాసన వచ్చేది. మేనత్త "ఉప్పు చాల్లేదు" అంటూనే రెండో చెంబు తాగింది. పుట్టింటి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పాత పులుపు పోయిందని అవ్వకు బాధ లేదనుకోకండి. ఒకనాడు దొడ్లో ఒంటరిగా కూర్చుని, "మా అత్త చేతిది పోయిందే" అని నాతో అంది. ఆ మాట చిన్నమ్మ చెవిన ఎన్నడూ వెయ్యలేదు, నన్నూ వెయ్యనివ్వలేదు.

నా పెళ్ళికి చిన్నమ్మ ముంతలో ఆ గోధుమకలి తోడు పోసి ఇచ్చింది. అది ఎప్పుడో పోయింది, ఫ్రిజ్జులొచ్చాక ఎవరు తాగుతున్నారు? మొన్న చుట్టాలొచ్చిన రోజు మా కొత్తకోడలు పులుసు మాడ్చి, వంటింటి గుమ్మంలో బిక్కచచ్చి నిలబడింది. ఎవరో "ఏందీ వాసన?" అన్నారు. నేను ఆలోచించనైనా లేదు. "నేనే మంట పెంచమన్నా" అనేశాను. అది నా గొంతులా లేదు, మా అవ్వ గొంతులా వినిపించింది.