కప్పు పైనుండే గన్ను

మదనపల్లెలో మా పెయింటింగ్ షెడ్డు టమాటా మార్కెట్టుకు పోయే దారిలో ఉంది. బండ్లకు రంగు కొట్టేది నా భర్త. పాత రంగు గీకడం, సొట్టలకు పుట్టీ పెట్టడం, నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో రేకును నున్నగా రుద్దడం నా పని. పదకొండేళ్లు రుద్దాను. స్ప్రే గన్ను పట్టుకుని నేనే రంగు కొట్టాలని ఆ పదకొండేళ్లలో ఎప్పుడూ అనలేదు. అనుకోలేదని మాత్రం చెప్పలేను.

ఒక వానాకాలంలో ఆయన వాల్మీకిపురం నుంచి వస్తూ బైకు జారి పడ్డాడు. కుడి భుజం విరిగింది. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి ఛాతీ దాటి పైకి లేవలేదు. డాక్టరు చెప్పినట్టు గోడకు ఎదురుగా నిలబడి, వేళ్లతో గోడ మీద పైకి పాకించేవాడు. ప్రతిరోజూ వేళ్లు ఒకే చోట ఆగిపోయేవి. ఆ చోట సున్నం కొంచెం మాసింది.

మూడో నెలలో, ఇక చెయ్యి వచ్చేస్తుందన్న ధీమాతో ఒక లగేజీ ఆటో పని ఒప్పుకున్నాడు. దాని యజమాని పెద్దతిప్పసముద్రం వైపు నుంచి టమాటా క్రేట్లు తోలుతాడు. బండి పక్కలకు, రంగుకు ముందు వేసే ప్రైమరు కొట్టడం వరకూ బాగానే సాగింది. టాపు దగ్గరికి వచ్చేసరికి ఆయన గన్ను కింద పెట్టేశాడు.

"ఇంగ యా షెడ్డుకైనా పంపిచ్చేస్తాం," అన్నాడు.

"నేను కొడతా," అన్నాను.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "నా గన్నుతో కొట్టు సూద్దాం," అన్నాడు.

ఆయన గన్నుకు రంగు పోసే కప్పు కింద వేలాడుతుంది. అందులో లీటరు రంగు పడుతుంది. మూలన పడి ఉన్న పాత కారు బానెట్టు మీద కొట్టి చూశాను. మొదటి వరస పర్వాలేదు. మూడో వరసకు మణికట్టు లాగింది. గన్ను వంగింది, రంగు ఒకే చోట ఎక్కువగా పడి కారింది.

"బరువుగా ఉండాది. నాకు వేరే గన్ను కావాల."

"గన్నుదేముండాది? చెయ్యి నేర్సుకోవాల."

"నేర్సుకునేదానికే అడగతాండా."

ఆ గన్ను ఆయన పని నేర్చుకున్న నాటిది. నేను దాన్ని తప్పుపట్టానని ఆయనకు అనిపించి ఉంటుంది. ఆ సాయంత్రం దాన్ని విప్పి, తుడిచి, మళ్లీ బిగించాడు. పొద్దున కాఫీ తాగుతూ తానే అన్నాడు. "పుంగనూరుకు పో. ఉస్తాదును అడుగు. ఆయన వద్దంటే వద్దు, కావాలంటే కావాల."

ఉస్తాదు అంటే ఆయనకు పని నేర్పిన మనిషి. పుంగనూరు బస్టాండుకు కొంచెం దూరంలో ఆయన షెడ్డు. ఇంట్లో వాళ్లతో ఉర్దూలో, వచ్చినవాళ్లతో తెలుగులో మాట్లాడతాడు. వయసు మీదపడి పని మానేశాడు, షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. వైరు బుట్టలోంచి గన్ను తీసి ఇస్తే కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంకా బాగా పెట్టుకోనుండాడే," అని, దాని కప్పులో నీళ్లు పోయించాడు. రెండు కొక్కేలకు వేలాడుతున్న లారీ డోరు చూపించాడు. "పది నిమిషాలు ఆపకుండా కొట్టు బేటీ."

నాలుగు నిమిషాలకే ఉస్తాదు ఆపమన్నాడు.

"సూడు. మొదట్లో గన్ను డోరుకు ఎదురుగా ఉండె. ఇప్పుడు నేల సూస్తాండాది. నీ తప్పు గాదు. ఇది నీ మొగుడి చేతికి అలవాటైన గన్ను."

ఆ తర్వాత ఆయన చెప్పినవన్నీ నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు కప్పు పైనుండే గన్ను మేలు. రంగు తనంతట తానే కిందికి దిగుతుంది కాబట్టి పావు లీటరు పోసినా చివరి చుక్క దాకా వస్తుంది. చిన్న కప్పు, తక్కువ బరువు, కడగడం సులువు. రంగు బయటికొచ్చే నాజిలు రంధ్రం మరీ పెద్దది వద్దు, రంగు ఎక్కువ వస్తే కొత్త చెయ్యి అంత వేగంగా జరగలేదు. రంగుకు ఒక మర, గాలికి ఒక మర, వెడల్పుకు ఒక మర, మూడూ సాఫీగా తిరగాలి.

"మీ గాలి కంప్రెసరు ఎంతుంటాది?" అని చివర్లో అడిగాడు.

"పంక్చర్ షాపులో ఉండేంత."

"అట్లయితే గాలి తక్కువ తాగేది తీసుకో. మెరుస్తా ఉండాదని తీసుకోవద్దు."

కుప్పంలో ఒకప్పటి తన శిష్యుడు రంగులో కలిపే థిన్నరు వాసన పడక ఈ పని వదిలేశాడనీ, అతని గన్నులు ఊరికే పడి ఉన్నాయనీ చెప్పాడు. రెండు రోజుల తర్వాత పలమనేరు మీదుగా బస్సులో కుప్పం పోయాను.

ఆ మనిషి ఇప్పుడు కోళ్ల అంగడి నడుపుతున్నాడు. అంగడి వెనక రేకుల కింద పెద్ద కంప్రెసరు ఇంకా ఉంది. బల్ల మీద రెండు గన్నులు పెట్టాడు. రెండింటికీ కప్పు పైనే. ఒకటి కొత్తదానిలా తళతళలాడుతోంది. ఇంకొకటి చిన్నది, రంగు వెలిసింది, కప్పు మూత అంచు విరిగింది. రెండింటితోనూ రేకు మీద కొట్టి చూశాను. మెరిసే గన్నులోంచి రంగు పొగమంచులా వచ్చింది.

"దీనికి గాలి బాగా కావాలక్కా. మీ కంప్రెసరు పెద్దదే గదా?" అని అడిగాడు.

"పెద్దదే," అన్నాను.

ఎందుకలా అన్నానో ఆ రోజు నాకు తెలియదు. తర్వాత తెలిసింది. నా భర్త దగ్గరున్న దానికన్నా మంచి గన్ను నా చేతిలో ఉండాలనుకున్నాను. అంతే.

మరుసటి రోజు ఆ మెరిసే గన్నుతో ఆటో డోరుకు నీలం రంగు కొట్టాను. సగం దాకా అద్దంలా వచ్చింది. అక్కడి నుంచి కంప్రెసరు రొప్పడం మొదలుపెట్టింది. గాలి తగ్గేకొద్దీ రంగు చుక్కలు చుక్కలుగా పడింది. ఆరాక చూస్తే డోరు కింది సగం నారింజ పండు తొక్కలా ఉంది.

ఆయన వచ్చి వేలితో తడిమాడు. "గాలి సాల్లేదు," అన్నాడు.

"ఆ మనిషి అడిగినాడు. నేనే అబద్ధం చెప్పినా."

ఆయన బకెట్టులో నీళ్లు తెచ్చుకుని, స్టూలు లాక్కుని, గరుకు కాగితం ఎడమ చేత్తో పట్టుకుని డోరు రుద్దడం మొదలుపెట్టాడు. ఆ చేతికి అలవాటు లేక గంట పనికి మధ్యాహ్నమంతా పట్టింది. నేను సాయం పోలేదు. రమ్మని ఆయనా అనలేదు.

మళ్లీ కుప్పం పోయి గన్ను మార్చమని అడిగాను. "నాకు ఆ పొద్దే అనుమానం వచ్చెనక్కా," అని ఆ మనిషి చిన్న గన్ను ఇచ్చాడు. దాన్ని కడుక్కోవడానికి సన్న కుంచె కూడా ఇచ్చాడు.

ఈసారి తొందరపడలేదు. మూడు రోజులు బానెట్టు మీద వట్టి నీళ్లు కొట్టాను. తర్వాత మిగిలిపోయిన రంగులు కొట్టాను. ఆయన నా వెనక నిలబడి, "దగ్గరికి పోతాండావు, జానెడు దూరం ఉండాల," అనేవాడు. "యాల ఆడ ఆగతావు? రేకు దాటినాక గన్ను మీట వదులు," అనేవాడు. కొన్నిసార్లు విసుక్కున్నాడు, కొన్నిసార్లు నేను విసుక్కున్నాను.

ఎనిమిదో రోజు ఆటోకు రంగు కొట్టాను. పక్కలు, డోర్లు, చివరికి స్టూలు ఎక్కి టాపు. వెనక మూలన ఒక్కచోట కారింది. ఆరనిచ్చి, రుద్ది, మళ్లీ కొట్టాను.

యజమాని వచ్చి ఒకసారి చుట్టూ తిరిగి, బాగుందన్నాడు. "చెయ్యి నయమైపోయిందే," అన్నాడు నా భర్తతో.

"నేను కాదు. ఆమె కొట్టింది."

యజమాని మళ్లీ మొదటి నుంచి తిరిగాడు. ఈసారి మెల్లగా, అక్కడక్కడా వంగి చూస్తూ. లైటు పక్కన రంగు కింద చిన్న గరుకును కనిపెట్టాడు.

"ఈడ ఏందిది?"

"అది ప్రైమరులో వచ్చింది. ప్రైమరు నాది," అన్నాడు నా భర్త.

ఐదు రోజుల తర్వాత ఆ ఆటో మార్కెట్టుకు పోతూ షెడ్డు ముందర కనిపించింది. క్రేట్లు దించేటప్పుడు రాసుకున్నట్టుంది, పక్కన మూరెడు పొడవున గీత పడింది. బండి మలుపు తిరిగే దాకా ఆ గీతనే చూస్తూ నిలబడ్డాను. బండ్లకు గీతలు పడటం నాకేమీ కొత్త కాదు, ఆ గీతల మీదే పదకొండేళ్లు బతికాము. ఆ రోజు మాత్రం అన్నం సయించలేదు.

తర్వాతి వారం ఒక స్కూలు వ్యాను వచ్చింది. దాన్ని తెచ్చిన మనిషి నా భర్తనే అడిగాడు, పసుపు ఏ పసుపు, ఎన్ని రోజులు పడుతుందని. ఆయన రెండు ప్రశ్నలకూ నా వైపు చూశాడు, నేను జవాబు చెప్పాను. మూడో ప్రశ్నకు ఆ మనిషే నా వైపు తిరిగాడు.