ఎండిన పసుపును తడిపిన హెడ్‌ఫోన్

నేను గొంతు పెంచే మనిషిని కాదని మీ ఇద్దరికీ తెలుసు. మీ అమ్మ చిన్నప్పుడు కొత్త ఇత్తడి బిందెను మెట్ల మీద నుంచి దొర్లించి సొట్ట పెట్టింది. అప్పుడు కూడా నేను అరవలేదు. అందుకే నాకు కోపం వచ్చిందంటే పూణేలో కూర్చున్న మీరు నమ్మరేమో. వచ్చింది. ఇంకా పోలేదు. ఫోన్‌లో చెబితే సగం వినకుండానే "సారీ అమ్మమ్మా" అనేస్తారు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. కాగితాన్ని మధ్యలో ఆపలేరు కదా.

మన అడ్తి దుకాణం ముందు నల్ల బండ ఉంది. మీరు దాని మీద కూర్చుని ఐస్‌క్రీమ్ తిని, చేతులు దానికే తుడిచారు. రైతులు తెచ్చిన పసుపును అమ్మిపెట్టే దుకాణంలో ఆ బండకు ఏం పని అని మీరెప్పుడూ అడగలేదు. నేనే చెబుతాను. బస్తా విప్పగానే మోచేతి దాకా చేయి దింపి, దాని కడుపులోంచి గుప్పెడు పసుపు కొమ్ములు తీస్తాను. ఒక్కొక్కటి బండ మీద జారవిడుస్తాను. బాగా ఉడికి, లోపలిదాకా ఎండిన కొమ్ము గాజుకు గాజు తగిలినట్టు మోగుతుంది. ఆ మోత వెనకాల సన్నటి తోక ఒకటి సాగుతుంది. ఇంకో రెండు ఎండలు కావలసిన కొమ్ము కూడా మోగుతుంది కానీ దానికి తోక ఉండదు. లోపల తడి ఉన్నది మోగనే మోగదు, తడిసిన చెప్పు కింద పెట్టినట్టు మెత్తగా పడుతుంది. మా అత్తగారు నా కళ్లకు కొంగు కట్టి ఇది నేర్పించింది. తప్పు చెప్పిన పూట పసుపు చెరిగే పనంతా నాదే. పెళ్లయిన కొత్తలో చాలా చాటలు చెరిగాను.

ఇప్పుడు మీ మామ దగ్గర తేమ చూసే మిషన్ ఉంది. దాని మీద నాకు కోపం లేదు. కాకపోతే గిన్నెలో వేసిన నాలుగు కొమ్ముల సంగతే అది చెబుతుంది. బస్తా అడుగున ఏముందో దానికి తెలియదు.

పసుపు బాగా దిగే రోజుల్లో మీరు వచ్చారు. మనవడా, నీ బట్టలు చిన్న సంచిలో వచ్చాయి, హెడ్‌ఫోన్లు పెద్ద పెట్టెలో వచ్చాయి. వాటి మంచి చెడ్డలు చెప్పే వీడియోలు చేస్తావని, వేలమంది చూస్తారని మీ అమ్మ చెప్పింది. అన్నీ పక్క మీద పరిచి నాకు పాఠం చెప్పావు. నీ ముఖంలో ఆ పూట ఉన్న వెలుగు నాకు నచ్చింది. అది కూడా రాయాలి, లేకపోతే అన్యాయం.

"అమ్మమ్మా, గివన్నీ చెవుల పెట్టుకునేటియే గని లోపల డ్రైవర్లు వేరే వేరే. చప్పుడు పుట్టించేది గదే," అన్నావు.

చెవిలోకి దూరే చిన్నదాంట్లో బియ్యపు గింజంత డబ్బా, అందులో సన్నని రేకు వణుకుతుందని చెప్పావు. దాని పేరు బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్. చెవుల మీద పళ్లేల్లా కూర్చునేది ప్లేనార్. పల్చటి పొర మీద తీగలు పరిచి అయస్కాంతాల మధ్య బిగిస్తారట, పొరంతా ఒకేసారి కదులుతుందట. మూడోది ఎలెక్ట్రోస్టాటిక్. ఉల్లిపొర కంటే పల్చన, దానికి కరెంటు పెట్టె వేరే కావాలి. నాలుగోది నల్ల తోలు తొడిగిన పెద్దది, డైనమిక్. తీగచుట్ట ఒక గిన్నెలాంటి పొరను డప్పు కొట్టినట్టు ముందుకూ వెనక్కూ నెడుతుంది. అది ఇంకా బజారులోకి రాలేదని, కంపెనీవాళ్లు అందరికంటే ముందు నీకే పంపారని రెండుసార్లు చెప్పావు.

తర్వాత నీకే ఆ ఆలోచన వచ్చింది. మూడు కుప్పల పసుపు తీయించావు. ఒకటి బాగా ఎండింది, ఒకటి రెండు ఎండలు తక్కువైంది, ఒకటి తడిది. మూడింటినీ బండ మీద వేయించి చప్పుడు రికార్డు చేశావు. ఏది ఏదో చెప్పకుండా, వరస మార్చి మార్చి నాలుగింటిలో వినిపించావు. మనవరాలా, నువ్వు కెమెరా పట్టుకున్నావు. మీ అత్త వంటింటి గుమ్మంలో నిలబడి, "అత్తమ్మా, విమానం నడుపుతున్నవా ఏంది?" అని నవ్వింది.

చిన్నదాంట్లో కొమ్ము బాగా మోగింది, కానీ కింద బండ మాయమైంది. కొమ్ము గాలిలో మోగినట్టుంది. అయినా మూడూ సరిగ్గా చెప్పాను. పళ్లేల్లాంటి దాంట్లో కొమ్మూ ఉంది, బండా ఉంది. గుప్పెడు ఒకేసారి పడినా దేని మోత దానికి విడిగా వినిపించింది. అదే మేలని అప్పుడే అన్నాను. ఉల్లిపొరదాంట్లో కొమ్ము మీది పొట్టు రాలడం కూడా విన్నాను, కానీ పసుపుకు బరువు లేదు, దూదితో చేసినట్టుంది. అక్కడా మూడూ సరిగ్గానే చెప్పాను. నువ్వు చప్పట్లు కొట్టి, "అమ్మమ్మా, నువ్వు మస్తు!" అన్నావు.

తర్వాత నల్ల తోలుది పెట్టావు. ఒక్కసారిగా బండ తలుపంత పెద్దదైంది. కొమ్ము పడితే ఎవరో గడప మీద మూట దించినట్టుంది. తోక కోసం వెతికాను. లేదు.

"గిది తడిది," అన్నాను.

"తప్పు అమ్మమ్మా! గిదే అన్నిట్ల మంచిది! బాగ ఎండింది!"

"జర మల్ల వినిపియ్."

మళ్లీ వినిపించావు. మళ్లీ తడే అన్నాను. మనవరాలు నవ్వితే కెమెరా ఊగింది. నేనూ నవ్వి, "ముసలి చెవులు బిడ్డా, ఏం జేస్తం," అన్నాను. ఆ మాట ఎవరూ నా నోట్లో పెట్టలేదు. నేనే అన్నాను. దాన్ని మీరు వాడుకుంటారని అనుకోలేదు.

వెళ్లేటప్పుడు ఆ నల్లదాన్నే నాకు కానుకగా ఇచ్చి, రికార్డులు మీ అత్త ఫోన్‌లోకి పంపి వెళ్లారు.

పది రోజులకు మీ అత్త వీడియో చూపించింది. "పసుపు అమ్మమ్మ ఫెయిల్" అని పైన పెద్ద అక్షరాలు. నేను సరిగ్గా చెప్పినవి ఒక్కటి లేదు. తడిదన్నది ఉంది, ముసలి చెవులన్నది ఉంది, వెనక ఎవరో పగలబడి నవ్వే చప్పుడు అతికించి ఉంది. ఆ తర్వాత నువ్వు వచ్చి, వయసైతే సన్నటి చప్పుళ్లు వినబడవని, తప్పు హెడ్‌ఫోన్‌ది కాదని చెప్పావు. హెడ్‌ఫోన్‌ను కాపాడావు, అమ్మమ్మను వదిలేశావు.

అప్పటికి నాకు కోపం రాలేదు. సిగ్గేసింది. నిజమేనేమో అనుకున్నాను. మధ్యాహ్నాలు గోదాములోకి ఒక్కదాన్నే వెళ్లి, కొమ్ములు నేల మీద వేసుకుంటూ కూర్చున్నాను. మోత వినిపించేది. వినిపిస్తున్నదా, వినిపించినట్టు అనుకుంటున్నానా అని మళ్లీ వేసేదాన్ని. నలభై ఏళ్లుగా చేస్తున్న పని మీద నాకే నమ్మకం పోయింది.

ఆ వారంలోనే మోర్తాడ్ నుంచి మనకు పసుపు తెచ్చే ఒక రైతమ్మ వచ్చింది. ఆమె భర్త గల్ఫ్‌లో ఉంటాడు, పొలం, పసుపు అన్నీ ఆమే చూసుకుంటుంది. ఏటా బస్తా విప్పి, "విను పెద్దమ్మా," అని నా ముందు కూర్చునేది. ఈసారి చూపు మీ మామ వైపు ఉంది.

"పెద్దమ్మా, ఏమనుకోకు. మా ఇంటాయన గల్ఫ్ నుంచి నీ వీడియో పంపిండు. గీసారి మిషన్ పెట్టుమను."

"నేనేమనుకుంట బిడ్డా," అన్నాను.

మీ మామ బస్తా మూతి దగ్గరి కొమ్ములు తీసి మిషన్‌లో వేశాడు. అంకె బాగానే వచ్చింది. చేతికి అలవాటు కదా, నేను ఊరికే లోపలినుంచి నాలుగు తీసి బండ మీద వేశాను. మూడింటికి తోక లేదు. నాలుగోది మెత్తగా పడింది.

మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. మోత లేనిది కొమ్ములోనా, నా చెవిలోనా? తప్పు చెబితే మళ్లీ నవ్వుతారు కదా. పసుపు గురించి తెలిసి నోరు మూసుకోవడం అదే మొదటిసారి.

మూడు వారాలకు మన గోదాములో దించిన ఆ బస్తాల అడుగున బూజు వాసన. విప్పితే కొమ్ములు చెమ్మగిల్లి, అక్కడక్కడా తెల్లగా పట్టింది. మీ మామ ఫోన్ చేస్తే ఆమె ఆటోలో వచ్చింది. కొన్ని గుప్పెళ్లు వాసన చూసి నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"నువ్వు గా రోజు బండ మీద ఏసినవ్ గద పెద్దమ్మా. నీకు తెల్వలేదా?"

"తెల్సింది."

"మరెందుకు చెప్పలే?"

మీ వీడియో వల్ల అని చెప్పవచ్చు. కానీ నోరు నాది కదా. ఆమె బూజు పట్టింది పారేసి, మిగతా బస్తాలు మళ్లీ ట్రాలీ ఎక్కించుకుంది. ఇంటి ముందు పరిచి, కోడిపిల్లలను తోలుకుంటూ మళ్లీ ఎండబెట్టాలి. ట్రాలీ పెర్కిట్ రోడ్డు వైపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. అప్పుడు వచ్చింది కోపం.

ఇంటికి వచ్చి మీ అత్తను కూర్చోబెట్టాను. ఆ నల్లదాన్ని పెట్టుకుని మీ రికార్డులు మూడూ విన్నాను. మూడూ తడిపసుపే. తర్వాత మీ అత్త పాత ఫోన్‌తో ఊరికే వచ్చిన తీగ ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. ఒక పక్క రంగు కూడా పోయింది దానికి. బాగా ఎండింది, రెండు ఎండలు తక్కువది, తడిది, మూడూ వేటికవే. అందులోనూ నీ తీగచుట్ట, గిన్నెపొరే ఉంటాయని ఆ రోజు పాఠంలో నువ్వే చెప్పావు. కాబట్టి తప్పు డైనమిక్ జాతిది కాదు. ఆ నల్లదాన్ని కట్టినవాళ్లు కింది మోత పెంచి, పైమోత నొక్కేశారు. పాటకు అది బాగుంటుందేమో నాకు తెలియదు. బాగా ఎండిన పసుపును మాత్రం అది తడిపేస్తుంది. నేను ఆ రోజు తప్పు చెప్పలేదు. నా చెవికి ఏది ఇచ్చారో అదే చెప్పాను.

అప్పుడే నీకు ఫోన్ చేశాను. నువ్వేమన్నావో నీకు గుర్తుందో లేదో, నాకుంది.

"అమ్మమ్మా, ఫన్ కోసం పెట్టిన. కింద కామెంట్లు చూడు, అందరు నిన్ను క్యూట్ అంటున్నరు."

"క్యూట్ ఉండనీకి నేను బండ కాడ కూసోలే బిడ్డా. తీసింది మొత్తం ఉన్నదా?"

"ఉన్నది. చెల్లె కాడ ఉన్నది."

"మరి మొత్తం పెట్టు. నాలుగింట్ల ఏమేం చెప్పిన్నో అంత పెట్టు. గా నల్లది పసుపును తడి చేస్తదని గూడ చెప్పు."

"గట్ల పెడితే కంపెనోళ్లు మల్ల నాకు ముందుగాల పంపరు అమ్మమ్మా," అన్నావు.

పక్కనుంచి మనవరాలు, "నేను కట్ చెయ్యొద్దనే చెప్పిన అమ్మమ్మా," అంది.

"చెప్పినవ్, మల్ల నవ్వినవ్ గద బిడ్డా," అన్నాను. ఫోన్ పెట్టేశాను.

నీకు నిజం తెలుసు. తెలిసి కోసేశావు. హెడ్‌ఫోన్లు నిజం చెబుతాయా లేదా అని పదిమందికి చెప్పడమే నీ పని. పసుపు నిజం చెప్పడం నా పని. నీకు వచ్చే డబ్బా కోసం నీ పనినీ నా పనినీ రెండింటినీ తాకట్టు పెట్టావు. మధ్యలో ఎండలో నడుం వంచింది ఇంకొకరు.

నిన్న ఆమె ఎండబెట్టిన పసుపు తెచ్చింది. మీ మామ మిషన్ అందుకునేలోపు నేను బస్తాలో మోచేతి దాకా చేయి పెట్టాను. బండ మీద ఒకటి, రెండు, మూడు మోగాయి. నాలుగోది మోగి టక్కున ఆగింది. ఇంకో నాలుగు తీశాను. అందులో రెండు అంతే.

"ఇంకో రెండు ఎండలు కావాలె బిడ్డా," అన్నాను.

ఆమె మిషన్ వంక చూసింది, నా వంక చూసింది. మీ మామ మిషన్‌ను పక్కకు జరిపాడు. నా గుండె మాత్రం కొమ్ము కంటే గట్టిగా మోగింది.

"మల్ల ఎండవెట్టాల్నా? నా నడుములు పోయినయ్ పెద్దమ్మా," అని గొణుక్కుంటూ బస్తా మూతి కట్టడం మొదలుపెట్టింది. కట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, "గీసారన్న చెప్పినవ్," అంది. అది మెప్పు కాదు, ఎత్తిపొడుపే. నాకు సరిపోయింది.

ఈ కాగితాలతోపాటు పార్సిల్‌లో ఆ నల్ల హెడ్‌ఫోన్ తిరిగి పంపుతున్నాను. దాని డబ్బాలోని మెత్తటి గుంటలో మూడు రకాల కొమ్ములు మూడు చిన్న మూటలుగా పెట్టాను. ఏ మూట మీదా ఏమీ రాయలేదు. మీ బాల్కనీలో రాతి గట్టు ఉందిగా, చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా ఇద్దరూ దాని మీద వేసి వినండి. తప్పు చెబితే చెరిగే పనేమీ లేదులే. కానీ మొత్తం వీడియో పెట్టేదాకా మీ ఛానెల్‌లో నా ముఖం ఉండకూడదు. ఆ కోసిన వీడియో తీసేశాక ఫోన్ చేయండి, మూడు మూటల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.