ఆరో తలుపు దగ్గర నాయన

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నేను లేచి పక్క గదిలోకి పోయేదాన్ని. కర్నూలులో ఒక జూనియర్ కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం సంగతి అనుకోను. అదేమిటో నాకు తెలియదు, అంతే.

మా అక్క వాళ్లది బేతంచెర్ల. బావ నాపరాళ్ల పాలిష్ యూనిట్ నడిపేవాడు. పోయిన జనవరిలో ఒక ఉదయం యూనిట్‌లోనే గుండెపోటుతో కూలిపోయాడు. వాళ్లకు ఒక్కతే కూతురు, ప్రవల్లిక. పదమూడేళ్లు. దినాలైన మరుసటి రోజు నుంచి ఆ పిల్ల మాట్లాడటం మానేసింది. అన్నం తినేది, స్కూలుకు పోయేది, అడిగినదానికి తల ఊపేది. నోరు మాత్రం విప్పేది కాదు. డాక్టరుకు చూపిస్తే గొంతులో లోపమేమీ లేదు, దిగులు, కొంతకాలం పడుతుంది అన్నారు. వేసవి సెలవులకు నేను కర్నూలుకు తీసుకొచ్చుకున్నాను.

మధ్యాహ్నాలు బయట అడుగు పెట్టలేని ఎండ. కూలర్ ముందు ఇద్దరం కూర్చుంటే ఏం మాట్లాడాలో నాకు తోచేది కాదు. ఫోన్ ఇస్తే పక్కన పెట్టేసేది. ఒకరోజు బీరువాలోంచి మా చిన్ననాటి నవల ఒకటి తీశాను. అట్ట ఎప్పుడో ఊడిపోయింది.

అది ఎదిగే పిల్లల కోసం రాసిన మాయల కథే గానీ, రాకుమారి పెళ్లితో ముగిసే రకం కాదు. గొర్రెలు కాసే పిల్ల ఒకతె ఉంటుంది. తల్లీ తండ్రీ లేరు. ఆమె తమ్ముణ్ణి చీకటిరాజు ఎత్తుకుపోతాడు. భూమి కింద ఏడు తలుపులు దాటి వాణ్ణి వెతుక్కుంటూ పోతుంది. ఒక తలుపు ఆమె నీడను తీసుకుంటుంది, ఇంకొకటి పేరును. చివరికి తమ్ముడు దొరుకుతాడు, ఆమె పేరు మాత్రం తిరిగి రాదు.

పద్నాలుగేళ్లప్పుడు దాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. భయమేసేది, అయినా మళ్లీ తెరిచేదాన్ని. పోయినవి కొన్ని పోయినట్టేనని పెద్దవాళ్లెవరూ మాకు చెప్పేవాళ్లు కాదు. ఆ పుస్తకం చెప్పేది. చెప్పి, అయినా నడువు అనేది.

తండ్రి పోయిన పిల్లకు ఇది చదవొచ్చా అని కాసేపు వెనకాడాను. తర్వాత చదవడం మొదలుపెట్టాను, రోజుకొక తలుపు. మొదటి రోజు ప్రవల్లిక గోడ వైపు తిరిగి పడుకుంది. మూడో రోజుకు నా పక్కకు జరిగింది.

ఏడో రోజు, కొత్త అధ్యాయం మొదలుపెట్టే ముందు, ఎప్పటిలాగే నిన్నటి కథ రెండు ముక్కల్లో గుర్తుచేశాను. ఆరో తలుపు దగ్గర ఆ పిల్ల ఏడ్చింది, తలుపు తెరుచుకుంది, లోపలికి పోయింది అన్నాను.

"వాళ్ల నాయన సంగతి చెప్పలేదే చిన్నమ్మా" అంది ప్రవల్లిక.

మూడు నెలల తర్వాత ఆ గొంతు వినడం. ఏ నాయన అని మెల్లగా అడిగాను.

"తలుపు కాడ కూర్చోనుంటాడు కదా. నేను రాలేను, నువ్వు పో, తలుపు నేను పట్టుకోనుంటా అంటాడు కదా."

ఆ సంతోషంలో ఇంకేమీ తోచలేదు. తర్వాత ఆ అధ్యాయం మొత్తం వెతికాను. తండ్రి లేడు. తనకు కావలసిన తండ్రిని పిల్ల తానే కథలో పెట్టుకుందనుకున్నాను. అది నాకు సబబుగానే అనిపించింది.

సాయంత్రం అక్కకు ఫోన్ చేశాను. బిడ్డ మాట్లాడిందని వినగానే ఏడ్చింది. ఆరో తలుపు దగ్గర తండ్రి ఉంటాడని చెబుతోంది అని మాత్రమే అన్నాను. అతని మాటలు నేను చెప్పలేదు.

అక్క ఏడుపు ఆపింది. "తలుపు నేను పట్టుకోనుంటా అంటాడు, అదే కదా? మన నాయన చదివేటప్పుడు ఉండె."

ఆ పుస్తకం మా నాయన మైదుకూరులో కొన్నది. అక్కకు ఆయనే చదివి వినిపించాడట. ఆయన జబ్బుచేసి పోయేనాటికి అక్కకు తొమ్మిదేళ్లు, నాకు ఏడాదిన్నర. ఆయన గొంతు నాకు గుర్తులేదు. అక్క ఆ తర్వాత పుస్తకం ముట్టుకోలేదు, కూతురికి ఆ కథే చెప్పలేదు. నాయన చదివింది పుస్తకంలో ఉన్నదేననుకుంటూ ఉండిపోయింది.

కర్నూలులోనే పాత పుస్తకాలు దాచుకున్న ఒక పెద్దాయన దగ్గర ఇంకో ప్రతి దొరికింది. దాన్ని ఇప్పటికీ అడుగుతూ ఎవరో ఒకరు వస్తుంటారని చెప్పాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒక్క అక్షరం తేడా లేదు. అంటే ఆ మాట నాయన సొంతంగా కలిపి చదివాడు.

ఊయలలో ఉండగా నా చెవిన పడిందేమో, తెలియకుండా నేనే పైకి అనేశానేమో అని సర్దిచెప్పుకున్నాను. బడులు తెరిచే ముందు ప్రవల్లికను అడిగాను, ఆ మాట ఎక్కడ విన్నావని.

అదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "నువ్వే కదా చదివినావు. ఆడికి వచ్చేసరికి నీ గొంతు మగోళ్ల గొంతు మాదిరి అయిపోయె. నాయన మాట కదా, అట్ల చదువుతాండావు అనుకుంటి."

నేను అలా చదవలేదు. చదివిన గుర్తు లేదు.

అక్కకు చెబితే, తనకూ ఒకసారి చదవమంది. పోయిన నెల బేతంచెర్ల పోయి, పట్టపగలు, వాళ్ల వసారాలో కూర్చొని ఆరో తలుపు చదివాను. నాకు వినబడినంతవరకు నా గొంతు నా గొంతులాగే ఉంది.

చదవడం అయిపోయాక కూడా అక్క చాలాసేపు కళ్లు తెరవలేదు. ఏం వినబడిందని నేను అడగలేదు.