ఎనిమిదో ఇల్లు

మయూర్ విహార్‌లో మేముండే సొసైటీలో, మా ఇల్లు కాక, తెలుగువాళ్ళ ఇళ్ళు పద్నాలుగు. ఏటా వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు ఆ పద్నాలుగు ఇళ్ళకూ వెళ్ళి, బొట్టు పెట్టి, పేరంటానికి పిలిచి వస్తాను. ఎ బ్లాకులో ఐదు, బి బ్లాకులో ఐదు, సి బ్లాకులో నాలుగు. ఇంటికి మూడు నిమిషాలు. కాఫీ తాగేదాకా వదలని ఇళ్ళు ఐదున్నాయి, వాటికి పదకొండేసి నిమిషాలు. పదింటికి బయలుదేరితే, లిఫ్టు కోసం నిలబడే సేపుతో కలిపి, పన్నెండులోపు ఇంట్లో ఉంటాను.

గ్రూపులో ఒక మెసేజి పెడితే సరిపోదా అని కొత్తగా వచ్చిన కోడళ్ళు అడుగుతారు. మెసేజి చూసుకుని వెళ్ళేది మీటింగుకి. పేరంటానికి మనిషి వచ్చి బొట్టు పెట్టాలి.

ఇది కాక నా సొంత నియమం ఒకటుంది. చేతిలో కాగితం పట్టుకెళ్ళను. ముప్ఫై నాలుగేళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో రికార్డు సెక్షన్ చూసినదాన్ని, పాలు ఎన్నింటికి వచ్చాయో కూడా రాసిపెట్టుకునేదాన్ని. అయినా ఈ ఒక్క పనికి మాత్రం జాబితా తీసుకెళ్ళను. కాగితం చూసుకుంటూ పిలిస్తే, అందులో పేరుంది కాబట్టి పిలిచినట్టు ఉంటుంది. గుర్తుండి పిలిచినట్టు ఉండాలని నా ఉద్దేశం. "నువ్వు వెళ్ళేది వాళ్ళని పిలవడానికి కాదు, నీ జ్ఞాపకశక్తి చూపించుకోవడానికి" అంటారు మా ఆయన. ఆయనకి మా పెళ్ళిరోజు గుర్తుండదు కనక ఆ మాట నేను పట్టించుకోలేదు.

పేరంటం అయ్యాక డైరీలో ఎవరు ఎన్నింటికి వచ్చారో రాస్తాను. ఈ ఏడాది పదమూడు ఇళ్ళవాళ్ళు వచ్చారు. పద్నాలుగింటికి తీసిపెట్టిన తాంబూలాల్లో ఒకటి మిగిలింది. "ఎనిమిదో ఇల్లు: రాలేదు. కబురు కూడా లేదు" అని రాసి, చివరి రెండు మాటల కింద గీత గీశాను.

ఎనిమిదో ఇల్లంటే బి బ్లాకులో మూడోది. ఆవిడది అనంతపురం వైపు. వాళ్ళాయన సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యాక, కంటోన్మెంటు వదిలి ఇక్కడ ఇల్లు కొనుక్కున్నారు. పంతొమ్మిదేళ్ళుగా పొద్దున ఆరూ పదికి మేమిద్దరం పార్కులో ఐదు చుట్లు నడుస్తున్నాం. నాకంటే ఐదేళ్ళు చిన్న. మాట తక్కువ. శనివారం ఆవిడ నడకకి రాలేదు. ఆదివారం, సోమవారం కూడా రాలేదు. పేరంటానికి రాకపోగా మొహం చాటేస్తోందని నాకు కోపం వచ్చింది. నేనూ ఫోన్ చెయ్యలేదు.

మంగళవారం పాల బూత్ దగ్గర ఎదురుపడింది.

"ఏమ్మా, శుక్రవారం రాలేదేం? ఒంట్లో బాగాలేదా?" అన్నాను. రెండో ప్రశ్న మర్యాద కోసం వేసింది.

"పిల్చింటే వచ్చుందును కదక్కా."

"పిలవకపోవడమేమిటి? గురువారం ఇల్లిల్లూ తిరిగాను."

"తిరిగినావు. మా పక్కింటికి వచ్చినావు. నీ గొంతు మా వాకిట్లోకి ఇనపడె. నేను చీర మార్చుకొని కూచున్నా. లిఫ్టు తలుపు మూసుకున్యాక తెలిసె, నువ్వు పోయినావని."

వెనక నిలబడ్డ అమ్మాయి "ఆంటీజీ, జరా ఆగే" అంది. ఇద్దరం రెండడుగులు ముందుకి జరిగాం.

"ఇది మూడో తూరి," అంది ఆవిడ. "ఆరేండ్ల కిందట, పోయినేడు, మళ్ళా ఈ ఏడు. నీ మాదిరి రాసిపెట్టుకోను గానీ నాకు గుర్తుంటాది. ఇంగ నీ గడప తొక్కను. నీ జతలో నడక్కి గూడా రాను."

పాల ప్యాకెట్లు తీసుకుని వెళ్ళిపోయింది. నేను ఎన్ని ప్యాకెట్లు కొన్నానో ఆ రోజు డైరీలో లేదు.

ఇంటికొచ్చి పాత డైరీలు దించాను. అబద్ధమని తేల్చి, మర్యాదగా ఆవిడకి చూపిద్దామనే దించాను. ఆరేళ్ళ కిందటి దాంట్లో, "ఎనిమిదో ఇల్లు: రాలేదు. జ్వరం కాబోలు." నాలుగేళ్ళ కిందట, "రాలేదు. ఊళ్ళో లేరు కాబోలు." పోయిన ఏడాది, "రాలేదు. చుట్టాలు వచ్చారు కాబోలు." ఈ ఏడాదిది మీకు తెలిసిందే. ఆవిడ మూడుసార్లంది, నా లెక్కకి నాలుగు తేలాయి. జ్వరం, ప్రయాణం, చుట్టాలు అన్నీ నేనే సమకూర్చాను. ఎవరు వచ్చారో రాయడానికి నా డైరీలో గడి ఉంది. ఎవర్ని పిలిచానో రాయడానికి లేదు. రికార్డు సెక్షన్‌లో కిందివాళ్ళెవరైనా అలాంటి రిజిస్టరు తెచ్చి ఉంటే వెనక్కి పంపేదాన్ని.

బుధ, గురు, శుక్ర, మూడు రోజులు ఒక్కదాన్నే నడిచాను. మొదటిరోజు ఐదు చుట్లు, రెండోరోజు మూడు, మూడోరోజు రెండు. ఈ వయసులో నాతో సమానంగా అడుగు వేసే మనిషి, మాట్లాడకపోయినా పక్కన ఉందనిపించే మనిషి మళ్ళీ దొరకదని రెండో చుట్టులో తెలిసింది.

ఆ ఆదివారం మా మనవరాలు వచ్చింది. కాలేజీలో సైకాలజీ చదువుతోంది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం హిందీలో వస్తుంది.

"అమ్మమ్మా, ప్రాక్టికల్‌కి ఒక సబ్జెక్ట్ చాహియే. మై పదిహేను వర్డ్స్ పఢూంగీ, ఆప్ బస్ సునో. తర్వాత గుర్తున్నవి చెప్పెయ్."

కుర్చీ, మేఘం, చెంచా, దీపం, ఇలా పదిహేను మాటలు చదివింది. నేను చెప్పినవి పది. మొదటి నాలుగు, చివరి ఐదు, మధ్యలో ఒకటి. ఇంకోసారి చదవమన్నాను. రూల్ ఒప్పుకోదంది. కాగితం మీద గీత గీసి చూపించింది. అటూ ఇటూ ఎత్తుగా, నడుము దగ్గర కుంగిన నవారు మంచంలా ఉంది.

"వావ్, అమ్మమ్మా. క్లాసులో ఎవరికీ ఇంత క్లీన్‌గా రాలేదు," అంది. జాబితాలో మొదటివీ చివరివీ నిలుస్తాయట, మధ్యవి జారిపోతాయట. అందరికీ అంతేనట.

అందరికీ అంతే అనేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. పద్నాలుగులో ఎనిమిది. నేను ఏటా ఒకే వరసలో వెళ్తాను. ఇందులో నా తప్పేముంది? ఆ కాగితం అడిగి తీసుకుని, సాయంత్రం ఐదింటికి బి బ్లాకుకి వెళ్ళాను.

ఆవిడ తలుపు తీసింది. కూర్చోమంది. మంచినీళ్ళిచ్చింది. నేను కాగితం పరిచి ఆ గీత అంతా వివరించాను. అడ్డురాకుండా విన్నది.

"అంటే నేను నడుమ ఉండేదే తప్పా? ఇల్లు ఖాళీ చేసి సి బ్లాకు చివరాకి పోవల్నా?"

"అది కాదమ్మా. ఎవరికైనా మధ్యవి..."

"సరే. ఏడో ఇల్లు గూడా నడుమే కదా? తొమ్మిదోది? వాళ్ళనెప్పుడన్నా మర్సిపోయినావా?"

మర్చిపోలేదు. ఏడో ఇంటావిడ కాఫీ ఇచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా కోడలి గురించి చెప్తుంది. తొమ్మిదో ఇంటావిడ ఒక ఏడాది తాంబూలంలో అరటిపండు మెత్తగా ఉందని మూడు బ్లాకుల్లో చెప్పుకొచ్చింది. ఎనిమిదో ఇంటావిడ వస్తుంది, మూలగా కూర్చుంటుంది, తాంబూలం తీసుకుని వెళ్తుంది. నన్ను ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు. ఆ ప్రశ్న మా మనవరాలి ప్రాక్టికల్‌లో లేదు. కాగితం మడిచి సంచిలో పెట్టేశాను.

"తప్పు నాదే," అన్నాను. ఆ మాట ఆ కాగితం కంటే ముందు చెప్పవలసింది.

ఆవిడ మంచినీళ్ళ గ్లాసు తీసి పక్కన పెట్టింది.

"నీ పుస్తకంలో నేను రాలేదని రాసినావా?"

"రాశాను."

"అయితే ఆ పుస్తకాలు తీసుకురా. రాలేదన్యాది కొట్టెయ్యి. పిలవలేదని రాయి."

రాసిన దాన్ని నేను ఎన్నడూ దిద్దలేదు. తిథి తప్పు పడినా కింద సవరణ రాస్తానే తప్ప కొట్టెయ్యను. అయినా ఇంటికి వెళ్ళి డైరీలు తీశాను. మూడు తీసి సంచిలో వేశాను. నాలుగేళ్ళ కిందటిది చేతిలో ఉండిపోయింది. ఆవిడ చెప్పింది మూడే. మొదటిది, చివరి రెండూ గుర్తున్నాయి, మధ్యది పోయింది. ఆవిడ మర్చిపోయిన అవమానాన్ని ఇంటికి తీసుకెళ్ళి అప్పజెప్పడం ఏం మర్యాద? బీరువాలో పెట్టేశాను. తలుపు వేశాను. తరవాత బీరువా తెరిచి, దాన్నీ సంచిలో వేసుకున్నాను.

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని పక్కన కూర్చుంది. ఎర్ర కలంతో ఒక్కొక్కటే కొట్టేసి, "పిలవలేదు" అని రాసి, పక్కన పొడి అక్షరాల సంతకం, తేదీ వేశాను. మూడోది పూర్తయ్యాక నాలుగోది తెరిచాను.

"మూడే కదక్కా?"

"నాలుగు. ఇది నువ్వు మర్చిపోయావు."

పేజీ దగ్గరికి తీసుకుని చదివింది. "ఊళ్ళో లేరు కాబోలు... యాడికి పోతిమి మేము? ఇంట్లోనే ఉంటిమి." ఆవిడ మొహం చూస్తే, ఆ సాయంత్రం ఇప్పుడు కొత్తగా గుర్తొస్తున్నట్టుంది. "ఈ ఏడు కోపం నేను పెట్టుకోనే లేదే. ఇప్పుడు పెట్టుకోవల్నా?"

"నీ ఇష్టం."

"పెట్టుకుంటా. ఒక దినం. అంతకంటే ఎక్కువ నావల్ల కాదు. రేపు నడక్కి వస్తా. మాట్లాడను."

సోమవారం ఆరూ పదికి గేటు దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి నడవడం మొదలుపెట్టింది. ఐదు చుట్లూ పక్కపక్కనే నడిచాం. నాలుగో చుట్టులో నీళ్ళు నిలిచిన చోట నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. మాట మాత్రం మాట్లాడలేదు.